రెండో పెడల్

బుధవారం పొద్దున రైలు వంతెన ఎక్కుతుండగా కారు ఇంజను గొంతు చించుకుని అరిచింది. చక్రాలు మాత్రం ఆ అరుపుతో తమకేమీ సంబంధం లేనట్టు నింపాదిగా పాకాయి. లోపల కాలిన వాసన గుప్పుమంది. స్టీరింగు పట్టుకున్న ఆవిడ కొయ్యబారిపోయి, "నేనేం చేశాను మాస్టారూ?" అంది.

"మీరేం చెయ్యలేదమ్మా. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యండి. మెల్లగా పక్కకి తిప్పి ఆపండి," అన్నాడు పక్కసీట్లోని డ్రైవింగ్ మాస్టారు.

ఆయన గొంతు ఎప్పుడూ అంతే. బండి గోడెక్కబోతున్నా సరే, పసిపిల్లకి జోల పాడుతున్నట్టుంటుంది. ఆ డ్రైవింగ్ స్కూల్లో రెండు కార్లు, ఇద్దరు మాస్టార్లు. రెండో ఆయన్ని అందరూ అరుపుల మాస్టారంటారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఏడవనివాళ్లు లేరు. అందుకే కొత్తగా చేరేవాళ్లు, ముఖ్యంగా కాస్త వయసు మీద పడ్డాక చేరే ఆడవాళ్లు, ఏరికోరి మన మాస్టారి కారే కావాలంటారు. ఆ కారు నడిరోడ్డు మీద ఠక్కున ఆగిపోయి ఎరగదు. వెనక లారీవాడు హారను మోగించడం, స్టీరింగు ముందున్న మనిషికి ముచ్చెమటలు పోయడం అన్నీ అవతలి కార్లోనే. ఎదుటి మనిషి భయపడితే చూడలేకపోవడం మన మాస్టారికి ఒక జబ్బులాంటిది.

ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో గాజు సీసాలూ గొట్టాలూ కడుగుతుంది. నలభై ఆరేళ్లు. స్కూల్లో అందరికీ ల్యాబక్క. వచ్చే నెల నుంచి సీసాలు కడగడానికి ల్యాబ్‌లో మిషను పెడుతున్నారు. లైసెన్సు తెచ్చుకుంటే నమూనాలు మోసే వ్యాను నడిపే పని ఇస్తామన్నారు. తెచ్చుకోకపోతే ఏం చేస్తారో వాళ్లు చెప్పలేదు, ఈవిడ అడగనూ లేదు. ఇప్పటికి రెండుసార్లు టెస్టుకి వెళ్లి తప్పింది. మూడోసారి శనివారం పొద్దున. ఈసారీ తప్పితే మొదటినుంచి మళ్లీ దరఖాస్తు పెట్టుకుని ఆరు నెలలు ఆగాలి.

కారుని బతిమాలి బతిమాలి గ్యారేజీ దాకా తీసుకెళ్లాడు మాస్టారు. మెకానిక్ హ్యాండ్‌బ్రేకు లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్ వదిలేశాడు. ఆగిపోవలసిన ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంది.

"చూశారుగా. క్లచ్ ప్లేటు అయిపోయింది. మంగళవారం తీసుకురండి."

"శనివారం టెస్టు ఉంది బాబూ."

"టెస్టు మీకుంది మాస్టారూ, నాకు లేదుగా. ముందు నాలుగు బళ్లున్నాయి. మీది లోపలికి తోశానంటే ఆ నలుగురూ వచ్చి నా చొక్కా పట్టుకుంటారు," అని అతను మళ్లీ ఎవరిదో బండి కిందికి దూరాడు.

స్కూలు ఆఫీసులో యజమాని అంతా విని తల పట్టుకున్నాడు. రెండో కారు ఇవ్వడానికి లేదు. టెస్టుకి ఏ బండి నంబరు రాయిస్తే ఆ బండే తేవాలి, శనివారానికి రెండో కారు మీద అరుపుల మాస్టారి మనుషులు ముగ్గురున్నారు.

"ఏడాదిలో ఇది రెండో క్లచ్. అవతలి కారుది ఇంకా మొదటిదే నడుస్తోంది. ఇంతకీ ఎవరు తినేశారు దీన్ని? ఆ సీసాలావిడేగా?"

మాస్టారు తల వంచుకుని, "కొంచెం బరువు కాలు," అన్నాడు.

ఆ మాట అంటూ తలెత్తేసరికి ల్యాబక్క గుమ్మంలో నిలబడి ఉంది. హాజరు పుస్తకంలో సంతకం పెట్టడానికి వచ్చినట్టుంది. మాస్టారి ముఖం మాడిపోయింది. ఆవిడ మాత్రం యజమాని వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"తెలియక చేశానండీ. మాస్టారు చెబుతూనే ఉంటారు, నాకే ఒంటబట్టదు. ఆయన్నేమీ అనకండి."

"ఇకమీదట నలభై దాటినవాళ్లని చేర్చుకోవద్దు," అన్నాడు యజమాని, ఆవిడతో కాదు, పుస్తకంతో. ఆవిడ సంతకం పెట్టి, పెన్ను జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టి వెళ్లిపోయింది.

మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు. ఆవిణ్ణి అనవసరంగా మాట పడేలా చేశానన్న బాధ ఒకవైపు, శనివారం ఒకవైపు. సాయంత్రం ఇంటి వసారాలో మామగారి ముందు ఆ సంగతే కదిపాడు. మామగారు బస్సు డిపోలో ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరై కూతురింట్లో ఉంటున్నాడు. చేతులు వణుకుతాయి, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటాడు, నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"మనమే వేసుకుంటే పోలా?" అన్నాడు ఆయన.

"మీరు వేస్తారా?" అంది మాస్టారి భార్య, కప్పు వైపు చూసి.

"నేను చెబుతాను. నీ మొగుడు వేస్తాడు. చేతులు అతనివి, బుర్ర నాది."

"బుర్ర మీదైతే ఇంక బండి బాగుపడ్డట్టే నాన్నా."

మాస్టారు నవ్వలేకపోయాడు. ఇరవై ఏళ్లుగా బండి నడపడం నేర్పుతున్నాడు కానీ, బానెట్ కింద ఏముందో పటంలో చూపించడమే తప్ప ఒక్క బోల్టు విప్పి ఎరగడు. గేర్‌బాక్సు దించాలి. దించినదాన్ని మళ్లీ ఎక్కించాలి. ఎక్కించాక కారు కదలాలి. యజమానికి ఫోను చేస్తే, "ప్లేటూ గీటూ సామానంతా నేను పంపిస్తా, చేసుకుంటే చేసుకో. చెడగొడితే మాత్రం పూచీ నీదే," అన్నాడు. చెడగొడితే ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుందని ఆయన విడమరచి చెప్పక్కర్లేదు. మాస్టారు ఫోను పెట్టేశాడు. ఆఫీసు గుమ్మంలో నిలబడి రెండు చేతులు జోడించిన మనిషే కళ్లముందు మెదిలింది. చివరికి, "వేద్దాం మామయ్యా," అన్నాడు.

గురువారం పొద్దున్నే ఇంటిపక్క రేకుల షెడ్డులో కారు ముందు చక్రాలు లేచాయి. మామగారు స్టూలు వేసుకు కూర్చుని మొదట తెప్పించింది పానాలు కాదు, ఒక అట్టముక్క. దాని మీద గేర్‌బాక్సు ఆకారం పెన్సిలుతో గీయించి, బోల్టులుండే చోటల్లా మేకుతో చిల్లులు పొడిపించాడు.

"విప్పిన బోల్టు విప్పినట్టే దాని చిల్లులో గుచ్చు. అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, పొడవులు వేరు. పొట్టిదాని చోట పొడుగుది పెట్టి బిగించావనుకో, అవతలి గోడ పగిలి కూర్చుంటుంది. డిపోలో అట్ట లేకుండా పని మొదలెట్టినవాణ్ణి ఇంటికి పంపేసేవాణ్ణి."

బ్యాటరీ తీశారు. గేర్ ఆయిలు రేకు డబ్బాలోకి ధారగా కారింది. చక్రాల నుంచి యాక్సిళ్లు లాగేటప్పుడు ఒకటి రాకుండా మొండికేసి, వచ్చినప్పుడు మాస్టారిని వెల్లకిలా పడేసింది. ఇంజను ఒరిగిపోకుండా పైన అడ్డంగా దుంగ వేసి తాడుతో కట్టారు. ఒక్కో బోల్టూ కిరకిరలాడుతూ వదులవుతుంటే, మాస్టారి మోచేతుల మీదుగా నల్లటి నూనె కారుతుంటే, స్టూలు మీంచి ఆగకుండా మాటలు.

"అటు కాదు అల్లుడూ, నీ కుడివైపు. నీ కుడి! పడుకుంటే కుడి మారిపోతుందా ఏవిటి?"

"మామయ్యా, ఒక్క నిమిషం మాట్లాడకండి."

"మాట్లాడకపోతే నేనెందుకిక్కడ? గోడకి ఫొటో కట్టి పెట్టుకో."

గేర్‌బాక్సు దించే వేళకి మాస్టారి భార్య కొంగు దోపుకుని తనూ కిందికి దూరింది. ముప్పై కిలోలకి తక్కువుండదు. ఇద్దరూ దాన్ని గుండెల మీదికి దించుకున్నట్టే దించుకుని, జాకీ మీద పెట్టి బయటికి లాగారు. "పురుటి నొప్పులు నయం," అంది ఆవిడ దుమ్ము దులుపుకుంటూ.

సాయంత్రం నాలుగింటికి పాత క్లచ్ ఊడి చేతికొచ్చింది. ప్లేటు మేకుల తలల దాకా అరిగిపోయి ఉంది. అది అనుకున్నదే. మామగారు దాన్ని చూడనైనా చూడలేదు. వెనకాల ఉండే రిలీజ్ బేరింగు అందుకుని, వణికే వేళ్లతో తిప్పబోయాడు. అది తిరగలేదు, గరగరమంది. వెలుతురు వైపు పెట్టి చూశాడు. ఉక్కు నీలంగా మారిపోయి ఉంది.

"నువ్వు నాతో ఏం చెప్పావు? నేర్చుకునేవాళ్లు పాడు చేశారనా?"

"అవును మామయ్యా. ఒకావిడ కాలు కొంచెం..."

"ప్లేటు వాళ్లు అరగదీసి ఉండొచ్చు. ఇది వాళ్ల పని కాదు. పెడల్ మీద కాలు ఆనినంతసేపే ఈ బేరింగుకి పని. కాలు తీస్తే ఊరుకుంటుంది. దీన్ని ఊరుకోనివ్వలేదు ఎవరో. పొద్దస్తమానం కాలు ఆన్చుకునే కూర్చున్నారు. గంటకో మనిషి మారతారు కదా మీ బండిలో, పదిమంది పదిరకాలుగా తొక్కుతారు. ఇది ఒక్క కాలు. డిపోలో బేరింగు చూసి ఏ డ్రైవరో చెప్పేవాణ్ణి నేను."

మాస్టారు లేచి వెళ్లి కారు తలుపు తీశాడు. స్కూలు కారులో క్లచ్ పెడళ్లు రెండు, నేర్చుకునేవాళ్లకొకటి, మాస్టారికొకటి, రెంటినీ కలుపుతూ ఒక కడ్డీ. ఏది నొక్కినా రెండూ దిగుతాయి. రెండోది ఆపదకి మాత్రమే. నేర్చుకునేవాళ్ల వైపు పెడల్ రబ్బరు మీద గాట్లు అరిగినా ఇంకా కనిపిస్తున్నాయి. ఆయన వైపు పెడల్‌కి రబ్బరు మధ్యలో పోయి ఇనుము బయటపడి, నున్నగా మెరుస్తోంది.

"ఇంట్లో కుర్చీలో కూర్చున్నా మీ ఎడమకాలు నేలని నొక్కుతూనే ఉంటుంది," అంది భార్య వెనకనుంచి, మామూలుగా. "నరాల జబ్బేమో చూపిద్దామనుకుంటున్నా."

మాస్టారికి తల తీసేసినట్టయింది. బరువు కాలని నిన్న ఆఫీసులో అన్నది తనే. ఇప్పుడే వెళ్లి యజమానితో చెప్పాలనుకున్నాడు. చెబితే, ఆపదకని పెట్టిన పెడల్‌ని అరగదొక్కిన మాస్టారిని కార్లో ఎవరు కూర్చోబెట్టుకుంటారు? శనివారం కానియ్, ఆవిడ గట్టెక్కనియ్, సోమవారం చెబుదాం అని సర్దిచెప్పుకున్నాడు. శనివారం దాకా ఆ కాలు పెడల్ జోలికి పోకూడదని మాత్రం గట్టిగా నిర్ణయించుకున్నాడు.

శుక్రవారం పొద్దున కొత్త ప్లేటు బిగించారు. ప్లేటు సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోతే గేర్‌బాక్సు కడ్డీ లోపలికి దూరదు. దానికి కంపెనీవాళ్లు ఒక పనిముట్టు అమ్ముతారట. మామగారు చీపురు కర్ర కోయించి, దానికి టేపు చుట్టించి, అది కన్నంలో బిగుతుగా కూర్చునేదాకా చుట్టిస్తూనే ఉన్నాడు. గేర్‌బాక్సు ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించారు. మూడోసారి అది 'టక్' మని కూర్చుంది. అట్టమీది బోల్టులన్నీ ఒక్కొక్కటే ఇంటికి వెళ్లిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు.

మధ్యాహ్నం రెండింటికి మాస్టారు ఒక్కడే కారు తీసుకుని రైలు వంతెన ఎక్కాడు. మూడో గేరులో ఎక్కేసింది. వంతెన దిగాక పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఒక్క నిమిషం ఊరికే నవ్వాడు. రెండు రోజుల్లో ఆయన సుఖంగా ఊపిరి పీల్చుకున్నది ఆ నిమిషమే.

నాలుగింటికి ల్యాబక్క వచ్చింది. బాగుచేసిందెవరో తెలిసి, నూనె దిగని ఆయన గోళ్లు చూసి, "నా కోసమా మాస్టారూ?" అంది. ఆయన అదేం లేదంటూ పక్కసీట్లో కూర్చుని ఎడమకాలు సీటు కిందికి లాక్కుని, దాని మీద కుడికాలు వేసుకున్నాడు.

ఆవిడ గేరు వేసింది. క్లచ్ వదిలింది. కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది.

"కొత్తది కదమ్మా, పట్టుకునే చోటు మారి ఉంటుంది. మళ్లీ."

మళ్లీ ఆగిపోయింది. మళ్లీ. ఆవిడ పెదవి కొరుక్కుంటూ, కాలు ఎంత మెల్లగా వదలాలో అంత మెల్లగా వదులుతున్నాననుకుంటూ, ఆఖరి అంగుళం దగ్గర ఠపీమని వదిలేస్తోంది. ఆ అంగుళం ఉందన్న సంగతే ఆ కాలికి తెలియదు. ఏడోసారి ఆగిపోయినప్పుడు మాస్టారికి విషయం అర్థమైంది. ఆ ఆఖరి అంగుళం ఎప్పుడూ ఆయనే పట్టుకున్నాడు. నలభై రోజులుగా ఆవిడ పాదం కింద పెడల్‌ని మెత్తగా పైకి వదిలింది ఆయన కాలు. ఆవిడ నేర్చుకున్నది స్టీరింగు తిప్పడం ఒక్కటే. ఆవిడ ఒక్కతేనా? తన దగ్గర నేర్చుకుని మొదటిసారే పాసైనవాళ్లు ఎవరా అని తలుచుకున్నాడు. ఎంత తలుచుకున్నా ఒక్క ముఖమూ రాలేదు. వాళ్లందరిదీ టెస్టు భయమే అని ఇన్నేళ్లూ తనూ నమ్మాడు, వాళ్లనీ నమ్మించాడు. టెస్టులో ఈ సీట్లో కూర్చునేది ఇన్‌స్పెక్టరు. ఆయన కాలు కదపడు. అరుపుల మాస్టారి దగ్గర ఏడ్చినవాళ్లంతా మాత్రం ఏడుస్తూనే పాసయ్యారు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. "అమ్మా, మీరు..." అని మొదలుపెట్టాడు. కానీ ఒక్క సాయంత్రంలో ఏం మారుతుంది? రేపు పొద్దున ఎనిమిదింటికి టెస్టు.

"ఇంకోసారి," అన్నాడు. పదకొండోసారి ఆగిపోయింది. వెనక ఎవరో హారను కొట్టారు. ఆవిడ స్టీరింగు వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నాకు రాదు మాస్టారూ. ఇంతకుముందు వచ్చినట్టే ఉండేది. ఇప్పుడు అదీ పోయింది."

మాస్టారు చూడలేకపోయాడు. ఎప్పుడు లేచిందో, సీటు కిందినుంచి ఎడమకాలు వచ్చి పెడల్ మీద కూర్చుంది. దాన్ని ఆయన వెనక్కి తీసుకోలేదు. తెలిసే తీసుకోలేదు.

"కళ్లు తుడుచుకుని ఒక్కసారి వెయ్యండమ్మా," అన్నాడు జోల పాడే గొంతుతో.

కారు నీళ్ల మీద పడవలా కదిలింది. సందు చివర ఆగి, తిరిగి, మళ్లీ కదిలింది. వంతెన మీద సగంలో ఆపించి బయల్దేరదీయిస్తే వెనక్కి జానెడైనా జారలేదు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "వచ్చేసింది మాస్టారూ! కొత్తదాని మీద చెయ్యి కుదరడానికి టైము పట్టిందంతే," అంది. ఆయన తల ఊపాడు. ఆ గంట మిగిలినంతసేపూ ఆయన కాలు అక్కడే ఉంది.

శనివారం టెస్టు మైదానంలో ఇనుప కంచె ఇవతల నిలబడి చూశాడు మాస్టారు. ఇన్‌స్పెక్టరు అట్ట చేత్తో పట్టుకుని ఆయన సీట్లో కూర్చున్నాడు. ల్యాబక్క ఇటు తిరిగి ఒకసారి నవ్వింది. మాస్టారు రెండు చేతులతో కంచె పట్టుకున్నాడు.

మొదటిసారి గీత దగ్గరే ఆగిపోయింది. రెండోసారి ఎగురుకుంటూ పది గజాలు పోయి ఆగిపోయింది. కంచె ఇవతల మాస్టారి ఎడమకాలు తనంతట తానే మట్టిలోకి నొక్కుకుంది. మూడోసారి ఎత్తు మీద ఆగి, వెనక్కి జారి, వరసగా పెట్టిన డబ్బాల్లో రెంటిని పడగొట్టింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో రాసి, చించి, ఆవిడ చేతిలో పెట్టి దిగిపోయాడు. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆవిడ కాగితం మడుచుకుంటూ నడిచొచ్చింది. ఏడవలేదు.

"మీకు తలవంపులు తెచ్చాను మాస్టారూ. ఒక్కనాడూ గొంతెత్తకుండా నేర్పారు. నా కోసం బండి కింద పడుకుని బాగుచేశారు. మీరు మాత్రం ఇంకేం చేస్తారు? ఇది పనికిరాని కాలు."

"కాదమ్మా," అన్నాడు మాస్టారు. "వినండి. ఇన్నాళ్లూ క్లచ్ తొక్కింది మీరు కాదు, నేను. నా వైపు పెడల్ మీద కాలు తియ్యకుండా కూర్చున్నాను. పాత క్లచ్ పాడైందీ నా వల్లే, మీ వల్ల కాదు. మీకు నేనసలు బండి నేర్పనే లేదు. మిమ్మల్ని ముంచింది నేనమ్మా."

ఆవిడ మొత్తం విన్నది. విన్నాక ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం కోసం వెతికాడు మాస్టారు. ఎక్కడా లేదు.

"మీరిలాగే అంటారని నాకు తెలుసు."

"ఒట్టమ్మా. నిన్న సాయంత్రం కూడా, మీరు ఏడ్చాక..."

"నిన్న ఆఖరి గంట నేనే కదా తోలింది? నా కాలి కింద సంగతి నాకు తెలియదా?" చిన్నగా నవ్వింది. "నా బాధ చూడలేక తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. మీలాంటి మాస్టారు దొరకడం నా అదృష్టం. ఆరు నెలలు కానివ్వండి, మళ్లీ మీ దగ్గరే చేరతాను. పెద్దవాళ్లని వద్దంటున్నారుగా మీ యజమానిగారు, మీరే ఒక మాట చెప్పాలి."

మాస్టారికి ఇంకెలా చెబితే నమ్ముతుందో తోచలేదు. ఆవిడ గబగబా నడిచి కారు దగ్గరికి వెళ్లింది. పది గంటలకల్లా ల్యాబ్‌లో ఉండాలి, సీసాలు పేరుకుపోయి ఉంటాయంది.

ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆవిడ పక్కసీట్లో కూర్చోబోయి, కింద పెడల్ చూసి ఆగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. రెండు పాదాలూ ఎంత వెనక్కి లాక్కోవచ్చో అంత వెనక్కి, సీటు కిందికి లాక్కుంది.

"సరిగ్గా కూర్చోండమ్మా," అన్నాడు మాస్టారు.

"ఫరవాలేదు మాస్టారూ," అందావిడ. "కొత్త క్లచ్. మళ్లీ నా కాలు తగిలి పాడైపోతే?"